పాత ఖాతా మైనస్‌లో ఉంటే కొత్త ఖాతా ఇవ్వరా?

"అన్నయ్య గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. ఐదేళ్ల కిందట మా ఆయన రెండు చెరువులు లీజుకు తీసుకుని వనామీ రొయ్యలు వేశారు. బ్యాంకులో 3 లక్షల లోను తీసుకున్నాం, నేనూ సంతకం పెట్టాను. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ రోగానికి పోయాయి. కిస్తీలు ఆగిపోయాయి. మా ఆయన ఇప్పుడు మస్కట్‌లో ఉన్నారు. అదే బ్యాంకులో నా పేరు మీద ఉన్న పొదుపు ఖాతా మైనస్ 6 వేలు దాటింది. 2025 జూన్‌లో బాబుకి తల్లికి వందనం 13 వేలు అందులోనే పడ్డాయి. మెసేజ్ చూసుకుని వెళ్తే బ్యాలెన్సు సున్నా అన్నారు.

ఇప్పుడు చించినాడ వంతెన అవతల రొయ్యల ప్లాంటులో వలిచే పనికి కుదిరాను. జీతం వెయ్యడానికి పాస్‌బుక్కు జెరాక్సు తెమ్మంటున్నారు. ఇంకో బ్యాంకుకి వెళ్లి పాత లోను సంగతి దాచకుండా చెబితే, 'సిబిల్ పాడైంది కదా, ఖాతా రాదు' అన్నారు. ఒకాయన 2 వేలు ఇస్తే ఖాతా తెరిపిస్తానని, 10 వేలు ఇస్తే సిబిల్ క్లీన్ చేయిస్తానని అంటున్నాడు. మా ఆయన పంపే డబ్బు మరిది ఖాతాలో పడుతోంది, ప్రతిసారీ అడిగి తీసుకోవాలి. డ్వాక్రా లీడరేమో నీ వల్ల గ్రూపు లోను ఆగిపోతుంది, తప్పుకోమంటోంది. నాకు ఖాతా ఇస్తారాండి? ఇచ్చినా నా జీతం పాత బ్యాంకు లాగేసుకుంటుందా? పోలీసు కేసు పెడతారని కూడా అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు."

చెల్లెమ్మా, ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు. ఖాతా ఇస్తారు. ఇవ్వాలి కూడా. 2 వేలు ఎవరికీ ఇవ్వకండి.

సిబిల్ స్కోరు అంటే, మనం తీసుకున్న అప్పులు ఎలా కడుతున్నామో చెప్పే అంకె. 300 నుంచి 900 దాకా ఉంటుంది. బ్యాంకు మనకు డబ్బు ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సినది అది. పొదుపు ఖాతాలో డబ్బు మీరే బ్యాంకు చేతిలో పెడుతున్నారు, అక్కడ స్కోరుతో పనిలేదు. పైగా రిజర్వ్ బ్యాంకు 2012లోనే బేసిక్ సేవింగ్స్ ఖాతా అని ఒకటి పెట్టి, అది అందరికీ అందాల్సిన మామూలు బ్యాంకు సేవ అని చెప్పింది. మనం జీరో బ్యాలెన్సు ఖాతా అనేది దాన్నే. 2014 ఆగస్టు 28న మొదలైన జనధన్ ఖాతాలు కూడా ఈ కోవలోవే. మినిమం బ్యాలెన్సు అక్కర్లేదు, ఏటీఎం కార్డు ఇస్తారు, ఎన్నిసార్లు డబ్బు పడినా చార్జీ ఉండదు, నెలకు కనీసం 4 సార్లు ఉచితంగా తీసుకోవచ్చు.

కౌంటర్లో మీకు అలా ఎందుకు చెప్పారో ఊహించగలను. మీరు లోను కథ అంతా చెప్పుకొచ్చారు, అవతలివాళ్లకు అది లోను కోసం వచ్చిన మనిషి మాటలా వినిపించింది. దాచమని నేను అనను. ఫారంలో అడిగినదానికి నిజమే రాయాలి. కానీ అడగని అప్పు గురించి కౌంటర్ దగ్గర ముందే చెప్పుకోవాల్సిన పనిలేదు. "బేసిక్ సేవింగ్స్ ఖాతా కావాలండి, జీతం పడటానికి" అనండి, చాలు. ఆధార్, రెండు ఫొటోలు, పాన్ కార్డు తీసుకెళ్లండి. పాన్ లేకపోతే దానికి బదులుగా బ్యాంకు ఇచ్చే ఫారం నింపి సంతకం పెడితే సరిపోతుంది. ఓవర్‌డ్రాఫ్టు, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి తీసుకునే సౌకర్యం, అడగొద్దు. అదీ అప్పే కాబట్టి పాత చరిత్ర చూస్తారు.

మరో జాగ్రత్త. కాగితాలు లేనివాళ్లకు చిన్న ఖాతా అని ఇంకొకటి తెరుస్తారు. అందులో ఏడాదికి లక్ష రూపాయలకు మించి జమ కాకూడదు, ఏ రోజూ 50 వేలకు మించి నిలవ ఉండకూడదు, విదేశాల నుంచి డబ్బు కూడా పడదు. మీకు ఆధార్ ఉంది, మస్కట్ నుంచి డబ్బు రావాలి. కాబట్టి పూర్తి కేవైసీతోనే, అంటే మీరెవరో చూపే కాగితాలన్నీ తీసుకునే, తెరవమనండి.

ఇస్తామనో ఇవ్వమనో నోటిమాటతో పంపేస్తే ఊరుకోకండి. మేనేజరు దగ్గరకు వెళ్లి, ఇవ్వకపోతే కారణం కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. చాలాచోట్ల ఆ మాటతోనే పని అయిపోతుంది.

ఇక మీ రెండో భయం. జీతం పాత బ్యాంకు లాగేసుకుంటుందా అన్నారు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఈ ఉత్తరం మొత్తంలో మీకు బాగా పనికొచ్చేది ఇదే.

ఒక బ్యాంకుకు మీరు బాకీ ఉండి, అదే బ్యాంకులో మీ ఖాతాలో డబ్బు ఉంటే, ఆ డబ్బును బాకీ కింద జమ చేసుకునే హక్కు బ్యాంకులకు ఉంది. ఒప్పంద చట్టం 171వ సెక్షన్ బ్యాంకులకు అలాంటి హక్కు ఇస్తోంది. వేరే బ్యాంకులో ఉన్న మీ ఖాతా మీద మాత్రం పాత బ్యాంకు తనంతట తాను చెయ్యి వెయ్యలేదు. దానికి మీరు సంతకం చేసిన ఆటో డెబిట్ కాగితమైనా (నా ఖాతాలోంచి కిస్తీ దానంతట అదే తీసుకోండి అని ఇచ్చే అనుమతి) కావాలి, కోర్టు ఉత్తర్వైనా కావాలి. కోర్టు దాకా వెళ్లి డిక్రీ తెచ్చుకున్నా, జీతంలో మొదటి 1000 రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల కొత్త ఖాతా వేరే బ్యాంకులో తెరవండి. వసూలుకు వచ్చినవాళ్లు కొత్త ఖాతా నంబరు రాయించుకుని ఆటో డెబిట్ ఫారం మీద సంతకం అడిగితే, బాకీ ఎంతకు తేలిందో కాగితం చేతికి వచ్చేదాకా పెట్టకండి.

వేరే బ్యాంకు అనగానే బోర్డు మీద పేరు చూసి వెళ్లిపోకండి. మన వైపు చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మనం ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకు అనే అంటాం. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్పొరేషన్ బ్యాంకు కూడా అందులోకే వెళ్లింది. అదే రోజున సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. అంతకు ఏడాది ముందు విజయా బ్యాంకు బరోడా బ్యాంకులో కలిసింది. గ్రామీణ బ్యాంకుల సంగతి ఇంకా కొత్తది. మన ఊళ్లలో ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. సప్తగిరి, ప్రగతి, వికాస్ అన్నీ అందులో ఒక్కటయ్యాయి. బ్యాంకు కలిసిపోతే బాకీలు కూడా కలిసిన బ్యాంకుకే వెళ్తాయి. మీ లోను ఏ బ్యాంకుదో రాయలేదు. మీ లోను కాగితం మీద ఉన్న పేరు ఇప్పుడు ఏ బ్యాంకు కింద ఉందో చూసుకుని, ఆ రెండు పేర్లూ వదిలేసి మూడోది ఎంచుకోండి.

నన్నడిగితే, మీరు పని మానుకోకుండా వెళ్లి రాగలిగిన చోట, బ్రాంచి ఉన్న ప్రభుత్వ బ్యాంకు మంచిది. రేపు ఏ సమస్య వచ్చినా ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి ఉంటాడు. అది ఆలస్యమయ్యేలా ఉంటే పోస్టాఫీసులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరవండి. 2018 నుంచి ఉంది, పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి వేలిముద్రతో తెరుస్తాడు. పేమెంట్స్ బ్యాంకులు సొంతంగా అప్పులివ్వవు కాబట్టి మీ బాకీ అక్కడ ఉండే అవకాశమే లేదు. రోజు ముగిసేసరికి 2 లక్షలకు మించి నిలవ ఉండకూడదన్న పరిమితి ఉంది, మీ జీతానికి అది అడ్డం కాదు.

ఖాతా చేతికొచ్చాక చాలామంది మర్చిపోయే పని ఒకటుంది. అది చేయకపోతే వచ్చే ఏడాది తల్లికి వందనం డబ్బు మళ్లీ ఆ పాత ఖాతాలోకే వెళ్తుంది.

పథకాల డబ్బు మీ ఖాతా నంబరు చూసి రాదు, ఆధార్ నంబరు చూసి వస్తుంది. మీ ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో ఎన్‌పీసీఐ అనే, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు, ఆఖరున ఎక్కించినదే చెల్లుతుంది. లాకుల దగ్గర తలుపు పాత కాలవ వైపే తెరిచి ఉంటే, కొత్త బోదె ఎంత లోతుగా తవ్వినా నీళ్లు అందులోకి రావు కదా. ఇదీ అంతే. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ జెరాక్సు ఇచ్చాం కదా, లింక్ అయిపోయింది అనుకుంటారు. అది కేవైసీ కోసం ఇచ్చినది. ఎన్‌పీసీఐలో మార్చడానికి విడిగా ఒక సమ్మతి ఫారం ఉంటుంది. అందులో ఇప్పటికే వేరే బ్యాంకుతో ఉన్న లింకును ఈ బ్యాంకుకు మార్చమని ఒక గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టి, పాత బ్యాంకు పేరు రాసి, సంతకం చేసి ఇవ్వండి. జెరాక్సు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. కొన్నాళ్లాగి గ్రామ సచివాలయానికి వెళ్లి మీ ఎన్‌పీసీఐ స్టేటస్ చూడమనండి. కొత్త బ్యాంకు పేరు, పక్కన యాక్టివ్ అని కనిపిస్తేనే పని అయినట్టు. మైఆధార్ వెబ్‌సైటులో కూడా చూసుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా గ్యాస్ సబ్సిడీ, అన్నదాత సుఖీభవ లాంటివి ఇలా మైనస్ ఖాతాలోనే పడుతుంటే వాళ్లకీ ఇదే చేయించండి.

పోయిన 13 వేల గురించి. దాన్ని వదిలేయకండి. పాత బ్రాంచికి వెళ్లి, ఖాతా మైనస్‌లోకి వెళ్లిన రోజు దగ్గర్నుంచి స్టేట్‌మెంటు తీయించండి. వెళ్లడానికి మొహం చెల్లక మానేస్తారేమో, వెళ్లండి. అది మీ ఖాతా, మీ లెక్క. ఒక స్కేలు, పెన్ను పెట్టుకుని ఒక్కొక్క వరసా చదవండి. మీరు చెప్పిన అంకెలు చూస్తే ఆ 13 వేలు రెండు చోట్లకు వెళ్లి ఉండాలి. 6 వేల చిల్లర మైనస్ పూడ్చడానికి, మిగతాది లోను ఖాతాకు.

ఆ 6 వేలు ఎలా పేరుకుందన్నది ముఖ్యం. కిస్తీకి డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి పోయినప్పుడల్లా వేసిన చార్జీలు వేరు, మినిమం బ్యాలెన్సు లేదని వేసిన పెనాల్టీ వేరు. స్టేట్‌మెంటులో రెంటికీ వేరు వేరు పేర్లు ఉంటాయి, అర్థం కాకపోతే గుమస్తానే చెప్పమనండి. మినిమం బ్యాలెన్సు పెనాల్టీ ఒక్కదాని వల్ల పొదుపు ఖాతా మైనస్‌లోకి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2014 నవంబరులో చెప్పింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. అంటే ఖాతాలో సున్నా ఉన్నప్పుడు ఆ పెనాల్టీ వేసి మైనస్ చేసి ఉంటే, ఆ మేరకు తిరిగి ఇమ్మని అడిగే హక్కు మీది. స్టేట్ బ్యాంకు 2020లోనే ఈ పెనాల్టీ తీసేసింది, కెనరా బ్యాంకు 2025 జూన్ నుంచి తీసేసింది. కానీ అంతకుముందు పడినవి ఎవరూ వాళ్లంతట వాళ్లు వెనక్కి వెయ్యరు, రాసి అడగాలి.

లోనుకు జమ చేసుకున్న భాగం గురించి కూడా అదే అర్జీలో రాయండి. ఇది పిల్లవాడి చదువుకు ప్రభుత్వం వేసిన డబ్బు, బాకీ కింద మళ్లించకుండా వెనక్కి వేయండి అని. పథకాల డబ్బు పాత అప్పుల్లో కలవకూడదని అమ్మఒడి రోజుల్లోనే రాష్ట్ర ప్రభుత్వం బ్యాంకులకు చెప్పిన సంగతి మేనేజర్లకు తెలుసు. మీరు లోను మీద సంతకం పెట్టినవారు కాబట్టి ఆ భాగం తప్పకుండా వస్తుందని నేను హామీ ఇవ్వలేను. అడగడం మాత్రం న్యాయమే. అర్జీ రెండు ప్రతులు రాసి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది మీకు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఒక్క రూపాయి ఫీజు లేదు. ఎలా చెయ్యాలో 14448 నంబరుకు ఫోన్ చేసి అడిగితే చెబుతారు. మీకు ఖాతా ఇవ్వనన్న బ్యాంకు మీద కూడా దారి ఇదే.

పోలీసు కేసు మాట. లోను కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. నేరం కింద వచ్చేది చెక్కు బౌన్సు. అప్పట్లో ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చారా, గుర్తు తెచ్చుకోండి. మేత డీలర్లకూ మన చెరువుల మీద అలా ఇవ్వడం మామూలే కదా. చెక్కు వెనక్కి పోయి లాయరు నోటీసు వస్తే తీసుకోకుండా తిప్పి పంపకండి. అందుకున్న రోజు నుంచి 15 రోజుల్లో కట్టేస్తే కేసుకు ఆధారం పోతుంది. ఆటో డెబిట్ వెనక్కి పోయినా ఇలాంటి నిబంధనే ఉంది. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే ఆ కాల్స్ జాబితా ఫొటో తీసి ఉంచండి.

అయితే చెల్లెమ్మా, ఆ 3 లక్షల లోను మీది కూడా. సంతకం పెట్టినవారికి సగం కాదు, మొత్తం బాధ్యత. కొత్త ఖాతా మీ ఇల్లు గడవడానికి, ఆ బాకీ నుంచి తప్పించుకోవడానికి కాదు. నాలుగు జీతాలు చేతికొచ్చి ఊపిరి తీసుకున్నాక, మీ ఆయన సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి పాత బ్రాంచికి వెళ్లండి. ఒకేసారి ఎంత కడితే ముగిస్తారో అడగండి. జాతీయ లోక్ అదాలత్ జరిగేటప్పుడు బ్యాంకులు ఇలాంటి పాత లోన్ల మీద బాగా తగ్గుతాయి, అక్కడ కోర్టు ఫీజు ఉండదు. తగ్గించి కట్టించుకుంటే మీ రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, మొత్తం కడితే క్లోజ్డ్ అని పడుతుంది. సెటిల్డ్ అన్నది కొన్నేళ్లపాటు కొత్త లోనుకు అడ్డమే. చేతిలో డబ్బు లేనప్పుడు అదైనా మేలే, మొండి బాకీగా పడి ఉండటం కన్నా. కట్టిన రోజునే బాకీ లేదన్న కాగితం తీసుకోండి.

సిబిల్ క్లీన్ చేయిస్తానన్న మనిషికి 10 వేలు కాదు, పది రూపాయలు కూడా ఇవ్వొద్దు. నిజంగా ఉన్న బాకీని రిపోర్టులోంచి ఎవరూ తీసేయలేరు. తప్పుగా పడినదాన్ని మీరే ఉచితంగా సరిచేయించుకోవచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పు ఉందని రాశాక 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని 2024 నుంచి నిబంధన ఉంది. ఇలాంటి మనుషులు ఖాతా తెరిపిస్తామని ఆధార్, సిమ్, ఏటీఎం కార్డు చేతిలో పెట్టించుకుని ఆ ఖాతాను సైబర్ మోసాల డబ్బు తిప్పడానికి వాడుకుంటున్నారు. అలా జరిగితే పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికి. అప్పుడు నిజంగానే కేసు అవుతుంది.

డ్వాక్రా లీడరు గారి మాటకు బెదరకండి. గ్రూపు బాకీ లేనంతవరకు, ఒకరిద్దరు సభ్యులో వాళ్ల ఇంట్లోవాళ్లో బ్యాంకుకు సొంతంగా బాకీ ఉన్నారన్న కారణంతో గ్రూపుకు లోను ఆపకూడదన్నదే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పిన పద్ధతి. ఒక షరతు ఉంది. గ్రూపుకు లోను ఇచ్చే బ్యాంకూ మీరు బాకీ ఉన్న బ్యాంకూ ఒకటే అయితే, ఆ లోనులోంచి మీకు వాటా ఇవ్వకూడదు. పొదుపు మాత్రం మీరు కడుతూనే ఉండొచ్చు. ఈ సంగతి లీడరుతో మీరే వాదించాల్సిన పనిలేదు, గ్రూపు మీటింగుకు వీవోఏ (గ్రామ సంఘం లెక్కలు చూసే సహాయకురాలు) వచ్చినప్పుడు అందరి ముందూ ఆమె చేత చెప్పించండి.

మరిది ఖాతా విషయంలో తొందరపడి ఇంట్లో మాట పట్టింపు తెచ్చుకోవద్దు. ఇన్నాళ్లూ ఆ అబ్బాయి ఖాతానే ఆదుకుంది. మీ కొత్త పాస్‌బుక్కు రాగానే మొదటి పేజీ ఫొటో మస్కట్ పంపండి. పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు అందులో ఉన్నట్టే ఎక్స్‌చేంజిలో రాయించమనండి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా తేడా రాకూడదు. మొదటి నెల కొద్ది మొత్తం మీకు, మిగతాది మరిదికే పంపమనండి. మీ ఖాతాలో పడి, ఏటీఎంలోంచి మీ చేతికి వచ్చాక, రెండో నెల నుంచి మొత్తం మీకే పంపమని చెప్పండి.